బకెట్టు అడుగున ముక్కలు

ఫిరంగిపురం,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి చిన్నబాబుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం గురువారం అందింది. అమ్మ చదువుకుని, నాయనమ్మకు చదివి వినిపించి, చివరికి నా చేతికిచ్చింది. మూడు పేజీలలో రెండు పేజీలు ఫిర్యాదులే అయినా నాకు సంతోషంగానే ఉంది. కొత్తగా బోర్డింగులో చేరిన పిల్లవాడు ‘బాగున్నాను, బాగా చదువుతున్నాను’ అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటే ఏదో దాస్తున్నాడని అనుమానించాలి.

తెల్లవారకముందే చర్చిలో పూజకు గంట కొట్టడం, స్నానాల దగ్గర వరస, ఉప్మా రుచి, ఇవన్నీ అలవాటవుతాయి కాబట్టి వాటి జోలికి పోను. అయితే ఆదివారం పూజ కాగానే మిమ్మల్ని రైల్వే స్టేషన్లలో దొరికిన దిక్కులేని పిల్లల ఆశ్రమానికి తీసుకువెళ్ళి వాళ్ళతో ఆడించడం గురించి ‘లెక్కల పరీక్ష ముందు ఒక పూట దండగ’ అన్నావు. రాత్రి ప్రార్థన తరువాత చెప్పే ‘గుడ్‌నైట్’ మాటలకు నిద్ర ముంచుకొస్తుందనీ అన్నావు. ఈ రెండూ ఒకే ఇంట్లో పుట్టిన సంగతులు కాబట్టి రెండింటికీ కలిపే జవాబు రాస్తున్నాను.

ఈ జనవరి 31న మీరు పండుగ చేసుకోబోయే పునీత డాన్ బోస్కో, ఫాదరుగా ఇటలీలోని ట్యూరిన్ నగరంలో దిక్కులేని కుర్రవాళ్ళను చేరదీయడం మొదలుపెట్టిన కొత్తలో, కొందరిని గడ్డి అటక మీద పడుకోనిస్తే వాళ్ళు తెల్లారేసరికి దుప్పట్లతో సహా మాయమయ్యారు. ఆ తరువాత 1847 మే నెలలో ఒక వాన రాత్రి, పని వెతుక్కుంటూ వచ్చిన పదిహేనేళ్ళ తాపీ కుర్రవాడొకడు తడిసి ముద్దయి తలుపు తట్టాడు. బోస్కో తల్లి మార్గరీత వాడిని నిప్పు దగ్గర కూర్చోబెట్టి తిండి పెట్టింది. పడక మాత్రం వంటింట్లో అనేసరికి, గిన్నెలు ఎత్తుకుపోతాడేమోనని ఆమెకు భయం వేసింది. అయినా వాడినే సాయం తీసుకుని బయటికి వెళ్ళి ఇటుక ముక్కలు ఏరుకొచ్చి, నాలుగు చిన్న దిమ్మెలు పేర్చి, పైన పలకలు వేసి, వాటి మీద పరుపు పరిచింది. పడుకునే ముందు పని గురించి, నిజాయితీ గురించి, దేవుని గురించి నాలుగు మాటలు చెప్పింది. ప్రార్థన చెప్పమంటే వాడు మరిచిపోయానన్నాడు, సరే మాతో కలిసి చెప్పమన్నారు. ఆ తరువాత వంటింటికి తాళం వేసి పొద్దున దాకా తీయలేదు.

నువ్వు కునుకుతూ వినే గుడ్‌నైట్ ఆ వంటింట్లో మొదలైందే. ఆ తాళం సంగతి చెబితే పునీతుల కథకు తక్కువవుతుందని అనుకునేవాళ్ళు ఉంటారేమో కానీ, నాకు అన్నిటికన్నా అదే నచ్చుతుంది. వాడు మంచివాడో కాదో ఆమెకు ఇంకా తెలియదు. తెలిసేదాకా ఆగితే వాడు ఆ రాత్రి వానలోనే ఉండేవాడు.

నీ పక్క మంచం అబ్బాయి హిందువనీ, మీరంతా మరియమ్మకు మంగళవార్త జపం చెబుతుంటే అతడు ఊరికే చేతులు జోడించి నిలబడతాడనీ, కొందరు దానికి నవ్వుతారనీ రాశావు. మన ప్రాంతంలో చాలా కతోలిక బడుల్లో మనవాళ్ళు తక్కువే, మిగతావాళ్ళే ఎక్కువ. మీకు సత్యోపదేశం చెప్పే గంటలో వాళ్ళకు మోరల్ సైన్స్ చెబుతారు. ఆ విభజన తరగతి గది వరకే ఉండాలి. అతడు మన జపం నేర్చుకోవాలని అడిగే హక్కు నీకు లేదు. నవ్వేవాళ్ళలో నువ్వు లేవనుకుంటున్నాను. ఉత్తరంలో ఆ మాట స్పష్టంగా లేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా ఇంతవరకు తెలియదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బోర్డింగులో వడ్డన పని వంతులవారీగా ఒక్కో జట్టుకు నెల రోజులు పడేది. ఆదివారం మాంసం కూర అల్యూమినియం బకెట్టులో వచ్చేది. కూర కదలకుండా ఉంటే ముక్కలు అడుగుకు దిగుతాయి, గరిటె పైపైన ముంచితే పులుసే వస్తుంది. మొదటి వరసల్లో కూర్చునే చిన్న తరగతుల పిల్లలకు నేను పైపైన ముంచి పోసేవాణ్ణి. మా స్నేహితులుండే చివరి వరస వచ్చేసరికి మణికట్టు తిప్పి అడుగునుంచి తోడేవాణ్ణి. ఆ పూటే పొద్దున పూజలో పీఠం దగ్గర మోకరించి గంట మోగించింది కూడా నేనే. ఈ రెండింటికీ సంబంధం ఉందన్న ఆలోచనే నాకు రాలేదు.

మూడో ఆదివారం బ్రదర్ గారు వచ్చి నా చేతిలోని గరిటె తీసుకున్నారు. తిట్టలేదు. బకెట్టు అడుగునుంచి బాగా కలిపి మొదటి పిల్లవాడికి వేశారు, మళ్ళీ కలిపి రెండోవాడికి వేశారు, అలా హాలు చివరిదాకా కలుపుతూనే వడ్డించారు. ఆఖరుకు మిగిలిన కాస్త పులుసును తన పళ్ళెంలో పోసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అందులో సగం నాకు పోశారు. ఆ అన్నం నాకు గొంతు దిగలేదు.

ఆశ్రమంలో ఒక పిల్లవాడు నీ టోపీ లాక్కుంటే కోపం వచ్చిందన్నావు, రావచ్చు. బడి పత్రిక ఫొటో కోసం అదే పిల్లవాడి భుజం మీద చెయ్యి వేయమంటే వేశానన్నావు. ఈ ఫొటోల తాపత్రయం నాకూ నచ్చదు, తల్లిదండ్రుల సమావేశంలో ఆ మాట నేనే అంటాను. కానీ నీ మూడు పేజీలలో టోపీ రంగు ఉంది, ఫొటో ఉంది, ఆ పిల్లవాడి పేరు లేదు.

పరీక్ష విషయానికి వస్తే, 1854 వేసవిలో ట్యూరిన్‌లో కలరా వ్యాపించినప్పుడు రోగులకు సేవ చేయడానికి ముందుకు వచ్చిన 44 మందీ బోస్కో దగ్గర చదువో పనో నేర్చుకుంటున్న కుర్రవాళ్ళే. చేతులు కడుక్కోవడానికి తలా ఒక వెనిగర్ సీసా పట్టుకుని వెళ్ళారు. రోగికి దుప్పటి కావాలని ఒకడు పరుగెత్తుకు వస్తే, ఇంట్లో బల్ల మీది గుడ్డ తప్ప మరేమీ మిగలక మార్గరీతమ్మ దాన్నే తీసి ఇచ్చింది. ఆ పిల్లలలో ఒక్కరికీ జబ్బు సోకలేదు. నిన్ను అడిగింది ఒక పూట ఆట. లెక్కలు శనివారం ఇంకో గంట చేసుకో. మార్కులు తగ్గితే నన్ను అడుగు.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల మాత ఉత్సవాలకు వచ్చే యాత్రికులకు మంచినీళ్ళు అందించడానికి మీ బోర్డింగు పిల్లలను తీసుకువెళతారని రాశావు. నాయనమ్మకు మొక్కు ఉంది కాబట్టి మేము 10న వస్తున్నాం. మీరు నీళ్ళు పోసే చోటు ముందుగా తెలియజేయి. కొండ దిగి వచ్చే జనంలో నాయనమ్మ కనబడగానే వరస తప్పించి పిలవకు, ఆవిడ కూడా వరసలోనే నిలబడుతుంది.

అమ్మ సున్నుండలు చేసి తెస్తుంది. మీ డార్మిటరీలో మొత్తం ఎందరున్నారో, ఆ టోపీ పిల్లవాడి పేరేమిటో, వాళ్ళ ఆశ్రమంలో ఎందరుంటారో కనుక్కుని తిరుగు టపాలో రాయి. ఎన్ని మినుములు వేయించాలో అమ్మ లెక్క చూసుకోవాలట.

ఇట్లు,
నాన్న