పోయిన ఎండాకాలం మేము నింపిన గ్యాస్ గురించి

మా కస్టమర్లందరికీ నమస్కారం. శివరాత్రి దాటింది, మా ఏసీ రిపేరు షాపుకు ఫోన్లు మొదలయ్యాయి. ఈ సీజన్ బుకింగ్‌లు తీసుకునే ముందు పోయిన ఏడాది సంగతి ఒకటి మీకు చెప్పాలి.

మలక్‌పేట, మూసారాంబాగ్, అంబర్‌పేట వైపు మాకు పాత కస్టమర్లు ఎక్కువ. పోయిన మే నెలలో మూసారాంబాగ్‌లో ఒక పెద్దమ్మగారింటికి నేనే వెళ్లాను. అప్పటికే ఆరు వారాల్లో ఆమె ఏసీకి మా వాళ్లు రెండుసార్లు గ్యాస్ నింపారు. మళ్లీ చల్లదనం లేదు. "బాబూ, మా ఇంట్లో వంట సిలిండరే రెండు నెలలొస్తుంది. దీని గ్యాస్ ఇంత తొందరగా అయిపోతుందా?" అని అడిగారు.

అవుట్‌డోర్ యూనిట్ దగ్గర కూర్చుని, గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త నీళ్లలో కలిపి, స్పాంజితో పైపు జాయింట్ల మీద రాశాను. సన్న పైపు దగ్గర నురగ కదల్లేదు. లావు పైపును యూనిట్‌కు బిగించే ఫ్లేర్ నట్ దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. మెల్లగా శనగగింజంత అయి పగిలింది. అక్కడే మళ్లీ ఇంకోటి. నట్ చుట్టూ నూనె మరక కూడా ఉంది. అది కంప్రెసర్ నూనె, లీకయ్యే గ్యాస్‌తో పాటు బయటికొస్తుంది. పైపు అంచు కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి (అంటే అంచును గరాటులా వెడల్పు చేసి) బిగిస్తే సరిపోయే పనికి ఆమె రెండుసార్లు గ్యాస్ డబ్బులు కట్టారు.

ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ, గదిలో వేడిని పట్టుకెళ్లి బయట వదిలి, మళ్లీ లోపలికొస్తుంది. లీకు లేకపోతే పదేళ్ల తర్వాత కూడా అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఇది నాకు తెలియని విషయం కాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఇద్దరు కుర్రాళ్లకు రోజుకు పది ఇళ్లు అప్పగించింది నేనే. పది ఇళ్లు తిరగాల్సినవాళ్లు లీకు వెతుకుతూ కూర్చోలేరు, గ్యాస్ కొట్టి వచ్చేస్తారు. తప్పు వాళ్ల మీద వెయ్యను. పని అలా పంచింది నేను.

ఆ రాత్రే బిల్లు పుస్తకాలు ముందేసుకున్నాను. ఒకే సీజన్‌లో రెండుసార్లు గ్యాస్ నింపిన ఇళ్లు 17 తేలాయి. పెద్దమ్మగారితో కలిపి 11 ఇళ్లకు రెండోసారి తీసుకున్న డబ్బు తిరిగిచ్చేశాం.

ఈ ఏడాది నుంచి లీకు ఎక్కడో చూపించకుండా గ్యాస్ నింపం. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, నురగ రాసి, బుడగ మీ కళ్లతో మీరు చూశాకే రిపేరు. రిపేరయ్యాక వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లో ఉన్న గాలి, తేమ లాగేస్తాం. ఈ పని ఎవరూ ఎగ్గొట్టకుండా దగ్గరుండి చూడండి. తేమ లోపలే ఉండిపోతే నూనెతో కలిసి ఆమ్లం పుట్టి, కంప్రెసర్‌ను లోపల్నుంచి తినేస్తుంది. తర్వాత గ్యాస్‌ను కాటా మీద తూచి ఎక్కిస్తాం. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో అవుట్‌డోర్ యూనిట్ మీది స్టిక్కర్‌పైనే రాసి ఉంటుంది. పాతవాటిలో ఆర్22, ఆ తర్వాత వచ్చినవాటిలో ఆర్410ఏ, ఇప్పటివాటిలో ఎక్కువగా ఆర్32. ఈ ఆర్32కు మంట అంటుకునే గుణం కొంచెం ఉంది. అందుకే పని జరిగేటప్పుడు దగ్గర్లో దీపం, స్టవ్ ఆర్పమని అడుగుతాం, ఏమీ అనుకోవద్దు.

ఇలా చేస్తే ఒక్కో రిపేరుకు మూడు గంటలు పడుతుంది. కాబట్టి ఇద్దరికి రోజుకు నాలుగు ఇళ్లే ఇస్తున్నాను. మే నెలలో ఫోన్ చేసిన రోజే రాలేం, రెండు మూడు రోజులు ఆగాల్సి వస్తుంది. జెట్ సర్వీస్ (నీటి ప్రెషర్‌తో ఏసీ కడగడం) 500 ఉండేది, 600 రూపాయలు చేశాం. మూడో అంతస్తు గోడకు వేలాడే యూనిట్ దగ్గరికి సేఫ్టీ బెల్ట్ లేకుండా ఎవర్నీ ఎక్కించను, ఎంత తొందరున్నా సరే.

నాలా పక్కన, మూసీ దగ్గర్లో ఉన్నవాళ్లకు ఒక మాట. మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని తినేస్తుంది. ఇండోర్ కాయిల్ (గదిలోని యూనిట్ లోపలి రాగి గొట్టాల వరస) నల్లబడి, కంటికి కనిపించనంత సన్నని బెజ్జాలు పడతాయి. ఒకచోట అతుకు వేస్తే కొన్నాళ్లకు ఇంకోచోట కారుతుంది. అలాంటి కాయిల్‌కు అతుకులు వేసి మీ దగ్గర డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు, మార్చుకోమనే చెబుతాను. వారంటీ ఉందేమో ముందు కార్డు చూసుకోండి. కొత్త ఏసీ కొనేవాళ్లు కాయిల్ మీద తుప్పు పట్టకుండా పూత ఉందా అని షాపులో అడగండి.

మాకు ఫోన్ చేసే ముందు ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి. కూలింగ్ లేదని పిలిచిన చాలా ఇళ్లలో గ్యాస్ సరిగ్గానే ఉంటుంది, ఫిల్టరే దుమ్ముతో దుప్పటిలా మూసుకుపోయి ఉంటుంది. కాయిల్ మీద ఐస్ కట్టగానే గ్యాస్ తగ్గిందని చెప్పేవాళ్లున్నారు. గాలి ఆడకపోయినా ఐస్ కడుతుంది. ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. ఇంట్లోకి నీళ్లు కారుతుంటే అది గ్యాస్ సమస్య కాకపోవచ్చు, ముందు డ్రెయిన్ పైపులో పాకుడు చేరిందేమో చూడాలి.

18 డిగ్రీలు పెడితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. ఇన్వర్టర్ కాని మామూలు ఏసీ 24కైనా 18కైనా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 18 పెడితే ఆగకుండా ఆడుతుంది, అంతే తేడా. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెబుతోంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించేలా వస్తున్నది కూడా అందుకే. మా ఇంట్లో 26 పెట్టి, సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిప్పుకుంటాం. రోహిణి కార్తెలో కూడా పిల్లలు హాయిగానే నిద్రపోయారు.

సర్వీసు కావాల్సినవాళ్లు ఉగాది లోపు చేయించుకుంటే మీకూ మాకూ టెన్షన్ ఉండదు.

ఆ 17 ఇళ్లలో ఇంకా ఆరుగురికి డబ్బు ఇవ్వాల్సి ఉంది. ఇల్లు మారినట్టున్నారు, నంబర్లు కలవడం లేదు. పోయిన ఏప్రిల్, మే, జూన్‌లలో మా చేత రెండుసార్లు గ్యాస్ నింపించుకున్నవాళ్లు షాపుకు రండి, లేదా బిల్లు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. బిల్లు పోయినా ఫర్వాలేదు, అడ్రసు మా పుస్తకంలో ఉంది.