బొర్రా గుహల చరిత్రలో ఆదివాసుల చోటు

సంపాదకులకు నమస్కారాలు.

విశాఖపట్నం నుంచి అరకు చూడటానికి వెళ్లేవారిలో చాలామంది దారిలో బొర్రా గుహల దగ్గర ఆగుతారు. ఈ గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని పర్యాటక సమాచారంలో తరచుగా చదువుతుంటాం. ఆ సంస్థ ఏర్పడింది 1851లో. కాలం లెక్కకు పొసగని ఈ వాక్యాన్ని ఇన్నేళ్లుగా ఎవరూ ప్రశ్నించకుండా ఎత్తి రాసుకుంటున్నారంటే, ఆ కొండలకు అసలు ఎరుకగలవారెవరో తెలుసుకోవాలన్న పట్టింపు మనకు లేదనే నేను అనుకుంటున్నాను. ఆవు కొండమీది రంధ్రంలోంచి జారిపడితే దాన్ని వెతుక్కుంటూ లోపలికి దిగిన కాపరికి శివలింగం కనిపించిందని, గోస్తని నదికి ఆ పేరు అలా వచ్చిందని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అంతకు ఎంతో ముందే అక్కడ మనుషులు మసలినట్లు, ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్ర పరిశోధకులకు దొరికిన పాతరాతియుగపు పనిముట్లు చెబుతున్నాయి.

ఇదే బొర్రా పరిసర గ్రామాల్లో ఆదివాసేతరులకు ఇచ్చిన గనుల లీజులపై సమత అనే సంస్థ న్యాయస్థానాలను ఆశ్రయించగా, 1997 జూలై 11న సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే ఆదివాసుల రక్షణ కోసం రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద గుర్తించిన ఏజెన్సీ ప్రాంతంలో, భూమిని ఆదివాసేతరులకు బదలాయించరాదన్న నిషేధం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, ప్రభుత్వ భూములనైనా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని ఆ తీర్పు స్పష్టం చేసింది. దానికి ఆధారమైన 1/70 చట్టం (ఏజెన్సీ భూముల బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ), ఏజెన్సీలో ఆదివాసేతరుల చేతిలో ఉన్న భూమి, వేరుగా రుజువయ్యేదాకా, ఆదివాసుల నుంచి సంక్రమించినదేనని భావించాలంటుంది. భూమితో ఆదివాసులకు ఉన్న అనుబంధాన్ని గుర్తించడంలో మన చట్టం ఇంత దూరం వచ్చింది. ఆ తీర్పుకు కారణమైన కొండల మధ్యనే తిరిగి వచ్చే పర్యాటకులలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఆస్ట్రేలియాలో పార్లమెంటు మొదలుకొని పాఠశాలల దాకా, సభ ప్రారంభంలో ఆ నేల సంప్రదాయ హక్కుదారులను పేరుపెట్టి స్మరించుకునే పద్ధతి ఉంది. బ్రిటిషువారు వచ్చేనాటికి ఆ దేశం ఎవరికీ చెందని నేల అన్న వాదనను అక్కడి హైకోర్టు 1992లో మాబో కేసులో తోసిపుచ్చింది. సభల్లో అలా స్మరించుకోవడం మొక్కుబడిగా మారిందన్న విమర్శ అక్కడా ఉంది, అందులో నిజం లేకపోలేదు. అయినా బహిరంగంగా ఒప్పుకున్న సత్యాన్ని మరునాడు కాదనడం కష్టం కాబట్టి, ఆ మేరకు నేను దానిని మేలనే తలుస్తాను.

ఆదివాసులను అలా స్మరించుకోవలసిన బాకీ విశాఖ నగరానికి మరింత ఎక్కువ. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా మీదుగా దిగివచ్చే గోస్తని నీరే తాటిపూడి జలాశయం నుంచి మన కుళాయిల్లోకి వస్తోంది. ఆ కొండల్లో బగత, కొండదొర, కోదు, పోర్జ, గదబ తదితర తెగలవారు చైత్రంలో ఇటుకల పండుగ చేసి, విత్తనాలను పూజించి విత్తుకుంటారు. కొత్త పంటను దేవతకు పెట్టకుండా నోట పెట్టుకోరు. 1922లో అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాం మల్లుదొరను ఈ విశాఖపట్నమే 1952లో లోక్‌సభకు పంపింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఆ కొండలు వేరే జిల్లాలో చేరాక, కొండ మీది సంగతులు మనవి కావన్న ధోరణి నగరంలో పెరగడం నాకు బాధ కలిగిస్తోంది. రావికమతం, గొలుగొండ వంటి మైదాన మండలాల్లోని ఆదివాసీ గ్రామాలు ఐదవ షెడ్యూలులో చేరక, 1/70 రక్షణ కూడా లేక ఉన్నాయన్నది ఇంకొక వేదన. దాని గురించి విడిగా రాయవలసి ఉంది.

పర్యాటక శాఖకు నా విన్నపం ఇది: విలియం కింగ్ కథను సరిచూసి, బొర్రా గుహల ప్రవేశద్వారం వద్ద అక్కడి తెగల పేర్లను, 1997 తీర్పు సారాంశాన్ని తెలిపే శాశ్వత ఫలకాన్ని ఏర్పాటు చేయాలి. తాటిపూడి జలాశయం వద్ద నగరపాలక సంస్థ కూడా ఇటువంటిదే పెట్టవచ్చు. అయితే ఆ ఫలకాల మీద ఏమి రాయాలో విశాఖలోని కార్యాలయాల్లో నిర్ణయించకూడదు. తమ సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారాన్ని షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభలకు ఇచ్చింది కనుక, ఆ మాటలను బొర్రా ప్రాంత గ్రామసభలే తీర్మానించి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం