సెంటినెల్ దీవికి గస్తీ పెంచాలి

అయ్యా,

అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవిలో బయటివాళ్లను రానివ్వని ఓ ఆదివాసీ తెగ ఉంటుంది. 2018 నవంబరులో అక్కడ క్రైస్తవ మతప్రచారానికి వెళ్లిన అమెరికా యువకుడు జాన్ అలెన్ చౌ చివరి రోజులను కొందరు ఇప్పటికీ త్యాగంగా చెప్పుకుంటున్నారు. 15న చేపలు, ఫుట్‌బాల్ కానుకలుగా పట్టుకెళ్లాడు. ఓ కుర్రాడు వేసిన బాణం అతని చేతిలోని బైబిల్‌కు గుచ్చుకుంది. రావద్దని ఇంకెలా చెప్పాలి? అయినా మళ్లీ వెళ్లాడు. 17న అతని శవాన్ని ఒడ్డున ఈడ్చుకెళ్తుంటే జాలర్లు చూశారు. అతని ధైర్యాన్ని కాదనను. కానీ మన జలుబు సోకినా ఆ తెగకు ప్రాణగండమే! డబ్బు తీసుకుని పడవలో దించిన జాలర్లేమో అరెస్టయ్యారు. ఆ దీవికి వెళ్లకూడదని 1956 నుంచీ చట్టం ఉంది. అయినా 2025 మార్చిలో మరో అమెరికన్ వెళ్లి కోక్ డబ్బా పెట్టి వచ్చాడు. ఇకనైనా కోస్ట్‌గార్డ్ రాత్రి గస్తీ పెంచాలి.

– ఓ పాఠకుడు, విశాఖపట్నం