ఆంప్లిఫయర్ కిట్ల అమ్మకం ఎందుకు ఆపామంటే

హైదరాబాదు కోఠిలోని మా దుకాణంలో ఆంప్లిఫయర్ కిట్లు (ఇంట్లో మీరే సోల్డరింగు చేసి కట్టుకునే విడి భాగాలు) కొన్నవారందరికీ నమస్కారం. దసరా నుంచి సంక్రాంతి దాకా మేము అమ్మిన 43 కిట్లలో 6 కిట్లు నెల తిరగకుండానే కాలిపోయి తిరిగి వచ్చాయి. వాటిలో రెండింటి వల్ల స్పీకర్ల వాయిస్ కాయిళ్లు (కోను వెనక ఉండే తీగచుట్టలు) కూడా మాడిపోయాయి. ఎందుకిలా జరిగిందో, ఇకమీదట ఏం చేయబోతున్నామో దాచకుండా చెప్పడం నా బాధ్యత.

మొదటి కిట్ వచ్చినప్పుడు సోల్డరింగులో ఎక్కడో తప్పు జరిగి ఉంటుందనుకుని, కట్టుకున్న పెద్దాయననే నిలదీసినట్టు ప్రశ్నలు అడిగాను. అందుకు ఆయనకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. మూడోది వచ్చాక అనుమానం కలిగి, మిగిలిన స్టాకులోంచి, స్పీకరుకు కరెంటు పంపే ఒక 2ఎస్‌సి5200 ట్రాన్సిస్టరును, పాత సెట్టులోంచి విప్పిన అసలు ట్రాన్సిస్టరును పట్టుకారుతో పగలగొట్టి, రెండింటినీ భూతద్దం కింద పక్కపక్కన పెట్టి చూశాను. అసలు దానిలో ఉన్న, కరెంటును మోసే సిలికాన్ ముక్కలో సగం కూడా కొత్తదానిలో లేదు, అంటే అది నకిలీది. పైన ముద్ర మాత్రం అక్షరం తేడా లేకుండా ఉంది. 15 ఆంపియర్ల కరెంటుకు, 150 వాట్ల వేడికి తట్టుకోవలసిన భాగం అది. పాటలో డప్పు మోత గట్టిగా పడేసరికి ఆ చిన్న ముక్క తాళలేక షార్టయి, పవర్ సప్లయిలోని డీసీ కరెంటు (ఒకే దిశలో పారేది) నేరుగా స్పీకరు మీదికి వెళ్లింది. ఈ సరుకు వేసినవారు మాకు ఏళ్లుగా తెలిసినవారే. ఒక్కదాన్నయినా పరీక్షించకుండా నేను నమ్మి అమ్మాను కాబట్టి నష్టం మీది కాదు, మాది.

అసలు భాగాలు దొరికినా ఆంప్లిఫయర్ కిట్లను మళ్లీ అమ్మకూడదని నిర్ణయించుకున్నాను. మా కిట్ ధర 5,800 రూపాయలే అయినా, మంచి టొరాయిడల్ (గుండ్రటి రింగు ఆకారపు) ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కండెన్సర్లు, వేడిని లాగే హీట్ సింకులు, ఇనుప క్యాబినెట్టు, వెనకవైపు సాకెట్లు కలుపుకునేసరికి మీ చేతి నుంచి దాదాపు 15 వేలు ఖర్చవుతోంది. ఈ బరువైన సామానంతా కంపెనీలకు టోకున చౌకగా పడుతుంది. అందుకే కిట్ బదులు పాత ఆంప్లిఫయరు కొనమంటాను, అందులో ఈ సామానుకు విడిగా ధర కట్టరు. 1970లు, 80లలో వచ్చిన సాన్‌సుయి, పయనీర్, యమహా వంటి సెట్లలోనూ, కలకత్తా సోనోడైన్ సెట్లలోనూ ట్రాన్స్‌ఫార్మరు ఈనాటికీ సాధారణంగా బాగానే ఉంటుంది. ఎండిపోయిన కండెన్సర్లు మార్చి, గరగరలాడే వాల్యూమ్ కంట్రోలును, రిలే (స్పీకరును కలిపి విడదీసే స్విచ్చు) కాంటాక్టులను శుభ్రం చేసి, బయాస్ (ట్రాన్సిస్టర్లలో ఎప్పుడూ పారే కొద్దిపాటి కరెంటు) సరిచేస్తే అది మరికొన్నేళ్లు నమ్మకంగా పాడుతుంది. జపానులో అక్కడివారి కోసం తయారైన సెట్లు 100 వోల్టులవి కాబట్టి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టవద్దు. కొనేముందు వెనకవైపు చీటీ తప్పక చదవండి.

స్పీకర్ల విషయంలో నా సలహా దీనికి వ్యతిరేకం: పాతవి వెతకడం కన్నా మీరే కట్టుకోవడం మేలు. పాత స్పీకర్లలో కోను చుట్టూ ఉండే ఫోమ్ రింగు పదిహేను ఇరవై ఏళ్లకు పొడి పొడిగా రాలిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు తేమ ఉన్న ఊళ్ల నుంచి వచ్చేవి ఇంకా ముందే పాడవుతున్నాయి. వేలు తగిలితే నల్లని జిగురులా అంటుకుంటే ఆ రింగు పని అయిపోయినట్టే. రబ్బరు రింగు ఉన్నవి మాత్రం ధైర్యంగా కొనవచ్చు. స్పీకరు ధరలో ఎక్కువ భాగం చెక్కకూ, వడ్రంగానికీ, రవాణాకూ పోతుంది. ఆ పని మీరు ఇంట్లోనే చేసుకోగలరు. ఏ డ్రైవరుకు (బాక్సులో బిగించే, కోను ఉన్న భాగానికి) ఎన్ని లీటర్ల బాక్సు కావాలో ముందే లెక్కగట్టే మార్గాన్ని ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీలే 1961లో చూపించగా, 1970లలో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించారు. ఆ లెక్కకు కావలసిన కొలతలు ఇప్పుడు మంచి డ్రైవర్ల డేటా షీట్లలో ఉంటాయి కాబట్టి బాక్సు విషయంలో మీరూ కంపెనీ వారూ సమానమే. చెక్క పీచును నొక్కి చేసే 18 మిల్లీమీటర్ల మందపు ఎండీఎఫ్‌తో మూసి ఉన్న బాక్సు కట్టి, కీళ్లన్నీ ఫెవికాల్‌తో పూడ్చాక, వూఫరు (బేస్ పలికే పెద్ద డ్రైవరు) కోను మీద రెండు వైపులా వేళ్లు ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అది నెమ్మదిగా, ఊపిరి తీసుకున్నట్టు వెనక్కి వస్తే బాక్సు బిగువుగా ఉన్నట్టు. టక్కున వచ్చేస్తే గాలి ఎక్కడి నుంచో పోతోంది. బేస్ పలచబడే చోటు అదే. క్రాసోవరులో (స్వరాలను విడదీసి ఏ డ్రైవరుకు అవి పంపే సర్క్యూట్‌లో) ట్వీటరుకు, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న డ్రైవరుకు, వేసే కండెన్సరు ఫిల్మ్ (ప్లాస్టిక్ పొర) రకందే వాడండి.

అందువల్ల ఇకమీదట మా వద్ద పరీక్షించిన పాత ఆంప్లిఫయర్లు ఆరు నెలల వారంటీతోనూ, స్పీకర్లు కొలతలకు కోసిన చెక్కతో కిట్లుగానూ ఉంటాయి. దసరా నుంచి సంక్రాంతి దాకా కిట్ కొన్నవారు, అది ఇప్పుడు బాగా పాడుతున్నా సరే, దయచేసి ఆన్ చేయకుండా బిల్లుతో సహా తీసుకురండి. డబ్బు వాపసు కావాలంటే ఇస్తాము. సెట్టు ఉంచుకుంటామంటే ట్రాన్సిస్టర్లు మార్చి, స్పీకరును కాపాడే రిలే బోర్డును కూడా ఉచితంగా బిగిస్తాము. కాలిన స్పీకర్ల ఖర్చు మేమే భరిస్తాము. దూరాల నుంచి రాలేనివారికి కొత్త ట్రాన్సిస్టర్లు పార్సిల్లో పంపుతాము. వాటిని బిగించాక స్పీకర్లు కలపకుండా, మొదటిసారి కరెంటు తీగ దారిలో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి మాకు ఫోను చేయండి.