వార్డెన్ మొదటి పని మంట ఆర్పడం కాదు

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండ, వరంగల్‌లోని కాంప్లెక్సులు, ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లలో ఫైర్ వార్డెన్ల (అగ్నిప్రమాదం జరిగితే అంతస్తును చూసుకునే బాధ్యత అప్పగించిన సిబ్బంది) పేర్లు గోడకు అంటిస్తున్నారు. వాళ్లకు దొరికే శిక్షణ మాత్రం చాలాచోట్ల ఒక్క పూటే. ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాల్లో ట్రేలో డీజిల్ పోసి అంటిస్తారు, ఒకరు మంటలార్పే సిలిండర్ కొడతారు, మిగతావాళ్లు ఫొటో దిగుతారు.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. వాళ్లు మన వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నుంచి కొలువుకు పోయినవాళ్లు. పొగ మంటకన్నా ముందే మెట్లెక్కుతుంది. కాబట్టి వార్డెన్‌కు మొదట నేర్పాల్సింది మనుషుల్ని బయటికి పంపడం.

ప్రతి షిఫ్టులో అంతస్తుకు ఇద్దరు వార్డెన్లు ఉండాలి. ఒక్కరే ఉంటే, ఆయన సెలవు పెట్టిన రోజు ఆ అంతస్తుకు దిక్కుండదు. 101కు ఫోన్ చేసేదెవరో ముందే తేల్చాలి. లేకుంటే ఎవరికివారు ఇంకొకరు చేసే ఉంటారనుకుంటారు. వార్డెన్ మెట్లకు దూరంగా ఉన్న కొసన మొదలుపెట్టి మెట్లవైపు రావాలి. బాత్రూములు, స్టోర్ రూము తప్పకుండా చూడాలి, మనుషులు మిగిలిపోయేది అక్కడే. మూసిన తలుపును చేతి వెనకవైపుతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవద్దు. ఖాళీ చేసిన గది తలుపు దగ్గరికి వేయాలి, తాళం వేయద్దు. కిందికి దిగాక పేర్ల జాబితాతో లెక్క చూసి, ఎవరు తక్కువయ్యారో, చివరిసారి ఎక్కడ కనబడ్డారో అగ్నిమాపక అధికారికి చెప్పాలి. తాను మళ్లీ లోపలికి పోవద్దు. ఆ జాబితా కంప్యూటర్‌లో ఉంటే కరెంటు పోయాక చూసే వీలుండదు. కాగితం మీద, గేటు దగ్గర ఉండాలి.

ఇక సిలిండర్. కంగారులో చాలామంది పిడి గట్టిగా నొక్కిపట్టి పిన్ను లాగుతారు. అలా నొక్కితే పిన్ను బిగుసుకుంటుంది. సిలిండర్ నేలమీద పెట్టి, పిడి వదిలి, పిన్నును మెలితిప్పి లాగితే ప్లాస్టిక్ సీలు తెగి బయటికొస్తుంది. 6 కిలోల ఏబీసీ పౌడర్ (మంటలార్పే పొడి) సిలిండర్ నడిచేది దాదాపు 15 నుంచి 20 సెకన్లే. చేత్తో కొట్టి చూడనివాళ్లకు ఇది ఎంత తక్కువో తెలియదు, అందుకే ప్రతి వార్డెన్‌తోనూ ఒకటి కొట్టించాలి. బయటికి పోయే దారి వెనక ఉంచుకుని, రెండు మూడు మీటర్ల దూరం నుంచి మంట మొదట్లోకి కొట్టాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొడుతున్నప్పుడు దాని హార్న్ (గ్యాస్ బయటికొచ్చే గరాటు) పట్టుకుంటే విపరీతమైన చల్లదనానికి చర్మం దెబ్బతింటుంది. దానికి ఒత్తిడి చూపే గేజ్ ఉండదు, తూకం వేసి చూడాల్సిందే. గ్యాస్ 10 శాతం తగ్గితే మళ్లీ నింపించాలి. ఇంకొక మాట: ఏ రకం మంటకు పనికొస్తుందో చెప్పే అక్షరాలు సిలిండర్ మీద ఉంటాయి. అమెరికా వీడియోల్లో ‘సి’ అంటే కరెంటు మంట, మన ప్రమాణాల్లో ‘సి’ అంటే గ్యాస్ మంట. ఆ వీడియోలు చూపించి శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ తేడా తప్పక చెప్పాలి.

జిన్నింగ్ మిల్లుల సంగతి వేరే. పత్తి బేలుకు నిప్పంటితే పౌడర్ పైమంటను అణుస్తుంది, లోపలి నిప్పును తాకదు. ఆరిందనుకుని వదిలేస్తే గంటల తర్వాత మళ్లీ రాజుకుంటుంది. ముందు కరెంటు తీసి నీళ్లతో తడపాలి. అంటుకున్న బేలును మిగతావాటికి దూరంగా, ఆరుబయట విప్పి, లోపలిదాకా తడిపి, రాత్రంతా మనిషిని కాపలా పెట్టాలి. కాబట్టి మిల్లు వార్డెన్లకు హోస్ రీల్ (చుట్టిపెట్టిన నీళ్ల పైపు) విప్పడం, వాల్వు తిప్పడం చేతికి అలవాటు కావాలి. ఇదంతా అక్టోబరులో కొత్త పత్తి రాకముందే జరగాలి.

డ్రిల్ చేసేటప్పుడు ఒక మెట్లదారిలో ‘ఇక్కడ పొగ’ అని అట్ట పట్టుకుని ఒకర్ని నిలబెట్టండి. రెండో దారిలో అట్టపెట్టెలున్నాయా, కింద షట్టర్‌కు తాళముందా అన్నది అప్పుడే బయటపడుతుంది.

తనిఖీకి వచ్చే అగ్నిమాపక అధికారులకు ఒక మనవి. సిలిండర్ మీది తేదీ చూశాక, గోడమీద పేరున్న వార్డెన్‌ను పిలిపించి ‘ఈ పూట మీ అంతస్తులో ఎంతమంది ఉన్నారు?’ అని అడగండి.

— అగ్నిమాపక శిక్షకులు, హన్మకొండ