రెండున్నరకు జవాబు

విజయనగరం,
ఆదివారం.

చిరంజీవి అమ్మడికి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోను చేసి మూడు వారాలైందని అమ్మ లెక్కపెడుతోంది గాని, నేను అందుకోసం వ్రాయడం లేదు. మొన్న గంటస్తంభం దగ్గర కలిసిన రాజాం మావయ్య, నువ్వు ఉద్యోగం మానేసి ప్రోగ్రాము ముక్కలతో పొడుపు కథలు కట్టుకుంటూ కూర్చున్నావని చెప్పాడు. మావయ్య మాటల్లో సగం తీసేయాలని నాకు తెలుసు. మిగిలిన సగానికే నిద్ర పట్టడం లేదు.

ఆటలు తప్పని నేననను. సంక్రాంతికి వచ్చినప్పుడు, నువ్వు ప్రోగ్రాములు వ్రాసే పైథాన్ భాషలో 2.5ను దగ్గరి పూర్ణసంఖ్యకు రౌండ్ చేస్తే ఎంత వస్తుందని అడిగావు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కనుక, ఆలోచించకుండానే మూడన్నాను. రెండన్నావు. 3.5కు మాత్రం నాలుగే వస్తుందన్నావు. నువ్వు రైలెక్కాక కూడా నేను ఒప్పుకోక, ఎదురింటి కుర్రవాడి చేత లాప్‌టాప్‌లో రెండుసార్లు కొట్టించి చూశాను. ఈలోగా పొయ్యి మీద పప్పు మాడిపోయింది. సరిగ్గా సగం వచ్చినప్పుడల్లా పైకే జరిపితే, వేల అంకెలు కూడేసరికి మొత్తం ఒకవైపే పెరుగుతుంది కనుక, దగ్గరి సరిసంఖ్యకు జరపడం పైథాన్ 3 పద్ధతి అని తెలిశాక నుదురు కొట్టుకున్నాను. పొడుపు అంటే అలా ఉండాలి. జవాబు విన్నవాడు తన నుదురు కొట్టుకోవాలి గాని, అడిగినవాణ్ణి కొట్టాలనుకోకూడదు.

0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 రావడమూ ఆ జాతిదే. మనకు మూడోవంతు దశాంశాల్లో తెగనట్టే, యంత్రానికి పదోవంతు దాని సున్నా-ఒకట్ల లెక్కలో తెగదని పిల్లలకు చెబితే చాలు. ప్రోగ్రాములో ఎక్కడో ఒక కామా దాచిపెట్టి అడిగేది మాత్రం పొడుపు కాదు, కళ్ల పరీక్ష. పాఠం చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. రాత్రి రెండింటిదాకా మేలుకుని ఇవి కడుతున్నావన్న మాట కూడా మావయ్యదే.

వెయ్యిలోపు ఏ అంకె తలుచుకున్నా, సగానికి సగం కోసుకుంటూ పోతే పది అవును-కాదు ప్రశ్నల్లో పట్టేయవచ్చని నువ్వే నేర్పావు. నాకు పది అక్కరలేదు. ఉద్యోగం ఉందా, లేదా? ఉంటే, ఆటలు ఆదివారాలకు పెట్టుకో. లేకపోతే ముందు నాతో చెప్పు. అమ్మకు నేను చెప్పుకుంటాను, ఇంటి అద్దె సంగతీ చూద్దాం.

బుధవారం మావయ్య కొడుకు వస్తున్నాడు. చోడిపిండి, మాగాయ పంపుతున్నాను. సీసా మూత అమ్మ బిగించింది కనుక నాకు నమ్మకం లేదు, నిలువుగానే పట్టుకో.

నాన్న