ప్రాజెక్టు రికార్డు కన్నా ముందు గుమాస్తాతో మాట్లాడాలి

సంపాదకులకు,

గుంటూరు అరండల్‌పేటలోనూ, విజయవాడ బెంజి సర్కిల్ పరిసరాల్లోనూ బిజినెస్ అనలిస్టు శిక్షణ ఇస్తామనే బోర్డులు కనిపిస్తుంటాయి. వాడుకదారుల అవసరాలు అడిగి తెలుసుకుని, సాఫ్ట్‌వేరు తయారుచేసేవారికి విడమరచి చెప్పడం ఈ అనలిస్టు పని. ఎజైల్ (సాఫ్ట్‌వేరును విడతలుగా చేసి, చూపించి, సరిదిద్దుకునే పద్ధతి), స్క్రమ్ (ఆ పద్ధతిలో ఒక విధానం), జిరా (పనుల జాబితా నడిపే టూలు) అన్న మాటలు లేని బోర్డు వాటిలో అరుదు. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో చాలాకాలం ఈ పనే చేసి, ఇప్పుడు ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు వైవాలకు అప్పుడప్పుడు బయటి పరీక్షకుడిగా వెళుతున్న వ్యక్తిగా ఒక విషయం మనవి చేస్తున్నాను. మన పిల్లలకు ఆ మాటలన్నీ బాగానే వస్తున్నాయి కానీ, ఎదుటి మనిషి రోజూ చేసే పనేమిటో, అందులో చిక్కు ఎక్కడుందో అడిగి తెలుసుకునే నేర్పు మాత్రం రావడం లేదు.

స్ప్రింట్ (స్క్రమ్‌లో ఒక విడత పనికి పెట్టుకునే కొద్ది వారాల గడువు) అంటే ఏమిటని అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఈ సాఫ్ట్‌వేరు ఎవరు వాడతారు, వారిని ఎప్పుడైనా కలిశారా అని అడిగితే గైడు వైపు చూస్తారు. పేరు ఏదైనా లోపల ఉండేవి లాగిన్, రిజిస్ట్రేషన్, అడ్మిన్ మాడ్యూళ్లే. డబ్బిచ్చి కొనుక్కునే ప్రాజెక్టుల సంగతి అందరికీ తెలిసిందే కనుక వాటి జోలికి పోను. కష్టపడి సొంతంగా చేసిన వాటిలోనూ ఇదే కొరత ఉంది.

ఉదాహరణకు, గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలలో ఏదో ఒకదాని కోసం విద్యార్థులు సాఫ్ట్‌వేరు తయారుచేస్తున్నారనుకుందాం. గదిలో కూర్చుని ఆలోచిస్తే సరుకు లోపలికి రావడం, బయటికి పోవడం తప్ప అందులో ఏమీ లేదనిపిస్తుంది. గుమాస్తా పక్కన ఒక పూట కూర్చుంటే అసలు లెక్క బయటపడుతుంది. రైతు వంద టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టి, ధర చూసుకుని నలభై మాత్రమే అమ్ముతాడు. మిగిలిన అరవై అదే లాటు నంబరు మీద ఉండాలి. రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకుని ఉంటే, బ్యాంకు అనుమతి లేకుండా ఒక్క టిక్కీ కూడా గేటు దాటకూడదు. సరుకు తండ్రి పేరు మీద ఉంటే, విడిపించుకోవడానికి కొడుకు వస్తాడు. ఇవేవీ అడగకుండా ఎవరూ చెప్పరు, ఎందుకంటే చేసేవారికి అవి చెప్పవలసిన సంగతులుగానే తోచవు.

విన్నదాన్ని రాసే పద్ధతి కూడా ఉంది. ‘గుమాస్తాగా, అప్పు ఉన్న లాటును పొరపాటున విడుదల చేయకుండా నన్ను ఆపాలి, లేకపోతే బ్యాంకుకు మేమే జవాబు చెప్పుకోవాలి’ అన్నది ఒక యూజర్ స్టోరీ, అంటే వాడేవారి మాటల్లో రాసిన అవసరం. అది పూర్తయినట్టు ఎలా తెలుస్తుందో కింద రాయాలి: అప్పు ఉన్నట్టు నమోదైన లాటుకు విడుదల పత్రం రాకూడదు, ఎందుకు రాలేదో తెర మీద కనిపించాలి, బ్యాంకు అనుమతి నమోదు చేసిన వెంటనే రావాలి. ఈ మూడు వాక్యాలూ ఉంటే ప్రోగ్రాము రాసేవారికీ, పరీక్షించేవారికీ వాదులాట తప్పుతుంది. ఇంతకన్నా కష్టమైనది ముందు ఏది చేయాలో తేల్చడం. యజమాని అద్దె లెక్క ముందు కావాలంటారు, గుమాస్తా అప్పున్న లాటు ఆగడమే ముందంటాడు. స్క్రమ్‌లో ఆ నిర్ణయం ప్రొడక్ట్ ఓనరుది. దేన్ని వాయిదా వేస్తే ఎవరికి ఎంత నష్టమో విడమరచి చెప్పడం అనలిస్టు పని. ఇది ఏ టూలు నేర్చుకున్నా రాదు.

ఎజైల్ అంటే రాతకోతలు అక్కర్లేని పద్ధతి అన్న అపోహ అధ్యాపకుల్లో కూడా ఉంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి వెలువరించిన ఎజైల్ ప్రకటన, పనిచేసే సాఫ్ట్‌వేరుకు సమగ్ర పత్రాల కన్నా ఎక్కువ విలువ ఇచ్చింది, అంతేకాని పత్రాలకు విలువ లేదనలేదు. అలాగే స్క్రమ్ నియమాలు వివరించే 2020 నాటి స్క్రమ్ గైడులో జట్టు సభ్యులుగా ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్ (పద్ధతి సరిగా సాగేలా చూసేవారు), డెవలపర్లు మాత్రమే ఉన్నారు కనుక బిజినెస్ అనలిస్టు పని పోయిందని కొందరంటారు. పేరు లేదు, పని ఉంది. పూర్వం మొదట్లో ఒక్కసారి అవసరాలన్నీ రాసి సంతకాలు పెట్టించుకుంటే సరిపోయేది. ఇప్పుడు ప్రతి స్ప్రింటుకూ కొంచెం ముందుగా అడగాలి, చేసింది చూపించాలి, వచ్చిన మాటను బట్టి మిగతా జాబితా సరిదిద్దాలి. స్క్రమ్‌లో జట్టు పని సమీక్షించుకునే రోజువారీ 15 నిమిషాల సమావేశం హాజరు పట్టీగా మారిపోవడం, పాపం, కాలేజీల తప్పు కాదు; చాలా కంపెనీల్లోనూ అంతే.

కాబట్టి నా సూచన ఇది. అటానమస్ హోదా ఉన్న కాలేజీలకు తమ పాఠ్యప్రణాళిక సవరించుకునే వెసులుబాటు ఉంది. చివరి ఏడాది ప్రాజెక్టుకు మన ఊళ్లోనే ఒక వాడుకదారును తప్పనిసరి చేయాలి. కోల్డ్ స్టోరేజీ అయినా, ఆటోనగర్ మెకానిక్ షెడ్డు అయినా, వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణం అయినా సరే. రెండు వారాలకొకసారి చేసింది వారికి చూపించి, వారి మాట విన్నాక ఏమి మార్చారో రాసిన కాగితానికి మార్కులు కేటాయించాలి. నూరు పేజీల బైండింగు రికార్డును మాత్రం సగానికి తగ్గించినా నష్టం లేదు.

యార్డు వర్గాలతో మాట్లాడదలచిన కాలేజీలు ఒక సంగతి గమనించాలి. ప్రాజెక్టుల హడావుడి మొదలయ్యే చివరి సెమిస్టరులోనే, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, కొత్త మిర్చి ముమ్మరంగా వస్తుంది. అప్పుడు విద్యార్థులతో కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. జూలై, ఆగస్టు నెలల్లోనే తొలి విడత సంభాషణలు ముగించుకునేలా ప్రణాళిక వేసుకుంటే, గుమాస్తాలు కాదనకపోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు